పెట్టెలో వేసే చీటీ గురించి

బ్రాడీపేటలోని మనవలకు, మనవరాళ్లకు, వాళ్ల స్నేహితులకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో ఫిర్యాదుల పెట్టె పెట్టారనీ, పేరు రాయకుండా అందులో చీటీ వేస్తే చాడీలు చెప్పినట్టు అవుతుందేమోననీ మొన్న అడిగారు. కాదు. గిట్టనివాడికి దెబ్బలు పడాలని చెప్పేది చాడీ. ఎవరికీ దెబ్బ తగలకూడదని చెప్పేదాన్ని ఆ లెక్కలో వేయకండి.

1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తోటివాళ్లపై కాల్పులు జరిపారు. తర్వాత అక్కడి అధికారులు బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చారు. నూటికి ఎనభై పైగా ఘటనల్లో, దాడి చేయబోయేవాడి ఆలోచన కనీసం ఒకరికి ముందే తెలుసట. తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఈడువాళ్లే. కొలంబైన్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో 2004లో ‘సేఫ్ టు టెల్’ అనే ఫోను లైను మొదలైంది. ఎవరు ఫోను చేశారో ఆరా తీయకపోవడమే దాని ప్రాణం.

మన గుంటూరులో తుపాకుల బెడద లేదు కానీ, చిన్నవాళ్ల డబ్బులు గుంజుకునేవాళ్లు, ఆటోలో వెకిలిగా ప్రవర్తించే డ్రైవరు, గోడ అవతల గంజాయి అమ్మేవాడు, ఫొటోలతో బెదిరించేవాడు ఎక్కడైనా ఉండవచ్చు.

నేను పనిచేసిన బడిలో పెట్టె తెరిస్తే చాక్లెట్ కాగితాలు, చింతగింజలు, హెడ్మాస్టరుగారి బొమ్మలు దొరికేవి. బొమ్మలు బాగానే ఉండేవి! ఒకసారి మాత్రం ఎడమచేత్తో రాసినట్టున్న వంకర అక్షరాల చీటీ వచ్చింది: ‘ఇంటర్వెల్‌లో మెట్ల కింద. ఆరో తరగతి వాళ్ల బస్సు డబ్బులు.’ అంతే. ఎక్కడో, ఎప్పుడో తెలిసింది కనుక మర్నాడు ఒక మాస్టారు అక్కడ నిలబడ్డారు. ‘ఫలానావాడు చెడ్డవాడు’ అని రాసి ఉంటే మేం ఏం చేయగలిగేవాళ్లం?

చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. ఊహలు వద్దు. ఆ ఫొటోనో మెసేజీనో పదిమందికి పంపకండి. తప్పు చెబితే జైల్లో వేస్తారని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో వచ్చిన పోక్సో చట్టం, తప్పుడు సమాచారం ఇచ్చిన పిల్లలకు సైతం శిక్ష వేయకూడదంటుంది. అలాగని ఆకతాయి చీటీలు వేయకండి. వాటి మధ్య అసలు చీటీ మునిగిపోతుంది.

తాళం తుప్పుపట్టిన పెట్టె కన్నా పెట్టె లేకపోవడమే నయం. చెప్పేశామనుకుని పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. మీ పెట్టె ఎవరు తెరుస్తారో, ఏ రోజున తెరుస్తారో ప్రార్థన సమయంలో అందరి ముందూ అడగండి. తెరిచేవాళ్లలో ఒక టీచరమ్మ ఉండాలని కూడా అడగండి.

ఎవరైనా కత్తి తెచ్చినా, స్నేహితురాలు చచ్చిపోతానని అంటున్నా పెట్టె దాకా వెళ్లకండి. ఆ క్షణమే దగ్గరున్న పెద్దవాళ్లకు చెప్పండి, లేదా 112కు ఫోను చేయండి. అక్కడ మీ నంబరు కనిపిస్తుంది, కనిపించనివ్వండి. పిల్లల కష్టాలకు 1098, గంజాయి సంగతికి 1972 ఉన్నాయి.

ఇక చీటీకి మీ క్లాసు నోటుబుక్కులో కాగితం చించకండి. చేతిరాత పట్టేసే టీచర్లు ప్రతి బడిలోనూ ఉంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

మీ తాతయ్య