పేగుల్లో తిండి పోటీ: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి వైపు ఒక ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గర స్టూల్ కల్చర్‌కు (మలంలోని క్రిములను పెంచి చూసే పరీక్షకు) శాంపిల్ ఇచ్చేవాళ్లలో పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు చాలామంది. వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ అడిగే సంగతులివి.

అపోహ: "మేడమ్, రిపోర్టులో ఈ.కోలై అని ఉంది. జబ్బేనా?"

వాస్తవం: ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనూ ఉంటుంది. జబ్బు చేసే రకాలు వేరే ఉన్నాయి. ఆ పేరు చూడగానే టెన్షన్ పడకండి, రిపోర్టు మీ డాక్టరుకు చూపించండి.

అపోహ: మంచి బ్యాక్టీరియా ఒక్క రకం క్యాప్సూల్‌లో వేసుకుంటే చాలు, చెడ్డవాటిని అదే చూసుకుంటుంది.

వాస్తవం: జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. పేగుల్లో మనల్ని కాపాడే ముఖ్యమైన పద్ధతుల్లో ఒకటి తిండి పోటీ. రకరకాల చక్కెరలు, అమైనో ఆమ్లాలు, ఇనుము... ఉన్నవాటిని అక్కడి బ్యాక్టీరియా ముందే తినేస్తాయి. కొత్తగా వచ్చిన సాల్మొనెల్లాది (మోషన్స్ తెప్పించే బ్యాక్టీరియా) పెళ్లిలో ఆఖరి బంతిలో కూర్చున్నవాడి పరిస్థితి: కూరలన్నీ అయిపోయి ఉంటాయి.

అయితే ఏ ఒక్క రకానికీ అన్నిటినీ తినే శక్తి లేదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మనిషి పేగుల్లోని 100 రకాల బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా క్లెబ్సియెల్లా (జబ్బు చేయగల ఇంకో బ్యాక్టీరియా), సాల్మొనెల్లాల మీద పరీక్షించారు. విడివిడిగా ఏదీ పెద్దగా ఆపలేకపోయింది. 50 రకాల దాకా కలిపినప్పుడు ఆ రెండింటి పెరుగుదల వెయ్యి రెట్ల వరకు తగ్గింది. ఆ గుంపులో రోగకారకం తినే పదార్థాలనే తినే దగ్గరి బంధువు కూడా ఉండాలి. అందరూ భయపడే మామూలు ఈ.కోలై అక్కడ ఆ పనే చేసింది. అది ఒక్కటే ఉన్నా చాలలేదు, అది లేకుండా మిగతావన్నీ ఉన్నా రక్షణ బాగా తగ్గింది.

అపోహ: మోషన్స్ మొదలవగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటే కడుపు శుభ్రపడుతుంది.

వాస్తవం: చెడ్డ క్రిమితోపాటే, దానితో తిండికి పోటీ పడే మంచి బ్యాక్టీరియా కూడా పోతాయి. 1954లోనే ఎలుకల్లో ఈ విషయం తేలింది. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా సోకాలంటే దాదాపు లక్ష కణాలు కావాల్సి వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాక పది లోపే సరిపోయాయి! పేగు గోడ మీది జిగురు నుంచి సయాలిక్ ఆమ్లం అనే చక్కెర విడుదలవుతుంటుంది. మామూలుగా దాన్ని ఇతర బ్యాక్టీరియా వాడేసుకుంటాయి. యాంటీబయాటిక్ తర్వాత అది మిగిలిపోతుంది, సాల్మొనెల్లా, క్లాస్ట్రిడియం డిఫిసిల్ (మోషన్స్ తెప్పించే ఇంకో బ్యాక్టీరియా) దాన్ని తిని పెరుగుతాయి. ఇదీ ఎలుకల్లోనే, 2013లో చూపించారు.

యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడినవాళ్ల శాంపిల్ పెంచిన ల్యాబు ప్లేటు కొన్నిసార్లు చూడగానే తేడా తెలుస్తుంది. మెకాంకీ అగార్ (ప్లేటులో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద ఈ.కోలై పొడిగా, చదునుగా, గులాబీ చుక్కల్లా రావాలి. దాని బదులు ప్లేటంతా క్లెబ్సియెల్లా, ఉబ్బుగా, జిగటగా, లూపుతో (చివర చుట్ట ఉన్న సన్నటి తీగతో) ముడితే అంటుకొస్తూ. పేగుల్లోని చాలా రకాలు గాలి తగిలితే బతకవు కాబట్టి ఈ ప్లేటు మీద అసలు కనిపించవు. వాటికి జరిగిన నష్టం నాకూ కనపడదు.

డాక్టరు రాసిస్తే మాత్రం తప్పకుండా వాడండి, చెప్పినన్ని రోజులూ వాడండి. నా గొడవంతా పోయినసారి మిగిలిన స్ట్రిప్‌తోనే.

అపోహ: పెరుగన్నం తింటే ఆ నష్టం పూడిపోతుంది.

వాస్తవం: పెరుగు మంచిదే, తినండి. కానీ అందులో ఉండేవి కొన్ని రకాలే, అవీ ఎక్కువగా పేగుల్లో నిలబడవు. పీచు ఉన్న తిండి మార్చి మార్చి తింటే పేగుల్లో ఉన్నవాటికి మేత దొరుకుతుంది: రాగి సంగటి, జొన్నరొట్టె, గోరుచిక్కుడు, తోటకూర, అలసందలు.

అపోహ: ఇవన్నీ పాటిస్తే ఇక ఏ నీళ్లు తాగినా ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది. కలుషితమైన నీళ్లతో క్రిములు ఎక్కువ మోతాదులో వెళ్తే ఈ రక్షణ చాలదు. మోషన్స్ అయితే ముందు ఓఆర్ఎస్ తాగండి. రక్తం పడినా, జ్వరం గట్టిగా ఉన్నా, మూత్రం తగ్గినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కల్చర్ రాస్తే, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి.