పాల బిల్లు వేళ తప్పడం వెనక క్రాన్ కథ

చిత్తూరు జిల్లాలో పాలు పోసే రైతుకు డబ్బు పది రోజులకో పదిహేను రోజులకో వస్తుంది. ప్రతి పూటా ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత అన్నది పాల కేంద్రంలో నమోదవుతుంది. పదిహేను రోజుల బిల్లయితే 1, 16 తేదీల్లో తెల్లవారకముందే సర్వర్ ఆ పద్దులన్నీ కూడి, దాణా బాకీ పట్టుకుని, ఖాతాకు పంపాల్సిన మొత్తం తేల్చాలి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్‌లో ఆ వేళకు పనిని మొదలుపెట్టేది సాధారణంగా క్రాన్ అనే చిన్న ప్రోగ్రామ్. దానికి రాసిపెట్టే వరుస ఇంతే: 0 2 1,16 * *. నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు. * అంటే ఏదైనా సరే అని.

రెండు గంటలకని రాసిన ఆ లెక్క మన దగ్గర ఉదయం 7:30కి మొదలైతే? అప్పటికి రైతులు క్యాన్లతో వరుసలో ఉంటారు. ఆ పూట పాలు కొన్ని అప్పటికే పద్దులోకి ఎక్కి ఉంటాయి. ప్రోగ్రామ్ తేదీ చూసి లెక్కను అక్కడితో ఆపకపోతే అవి పాత బిల్లులో కలిసిపోతాయి. కేంద్రం నడిపే మనిషికి టెన్షన్, రైతుకు అనుమానం. అయినా క్రాన్ తప్పేమీ చేయలేదు. రెండింటికే లేచింది, కాకపోతే ఆ రెండు యూటీసీ గడియారంలోవి. యూటీసీ అంటే గ్రీన్‌విచ్ సమయంతో దాదాపు సమానంగా ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం.

క్రాన్ జనంలోకి వచ్చింది 1979లో, బెల్ ల్యాబ్స్ తయారుచేసిన యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో. నిమిషానికోసారి లేచి, ఒకే ఒక్క ఫైలు చదివి, వేళయిన పనులను నడిపి మళ్లీ పడుకునేది. యంత్రం ఒకటి, దాని కాపలాదారులూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఎవరి గడియారం అన్న ప్రశ్న రాలేదు. తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రౌన్, వందమంది వాడే యంత్రం మీద ఈ భారం తగ్గించే దారి చూశాడు. తర్వాతి పని ఎప్పుడో ముందే లెక్కగట్టి అంతవరకు నిద్రపోవడం అతని పద్ధతి. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ లినక్స్ సర్వర్లలో స్థిరపడింది. ఇన్ని చేతులు మారినా వేళ రాసే ఆ వరుసలోని ఐదు గడులు అలాగే ఉన్నాయి. ఏ ప్రాంతపు సమయమో చెప్పే ఆరో గడి మాత్రం రాలేదు.

క్లౌడ్, అంటే దూరంగా ఉన్న సర్వర్లను అద్దెకు వాడుకోవడం, వచ్చాక ఆ లోటు బయటపడింది. సర్వర్ ముంబైలో ఉన్నా, ఎవరూ మార్చకపోతే దాని గడియారం సాధారణంగా యూటీసీలోనే నడుస్తుంది. మనం దానికి 5:30 గంటలు ముందున్నాం. చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో రైళ్లు మద్రాసు టైం ప్రకారం నడిచేవి, అది గ్రీన్‌విచ్‌కు దాదాపు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చి దాన్ని అయిదున్నర చేసింది. యూటీసీ సర్వర్‌లో నిండు గంటకు పెట్టిన పని మన దగ్గర అరగంట మీద పడేది అందుకే. రోజూ ఏదో ఒక పని సరిగ్గా ‘ముప్పై’ నిమిషాలకు జరుగుతుంటే ముందు గడియారాన్ని అనుమానించాలి.

గంటలు వెనక్కి జరిపి రాస్తే చాలు కదా అనిపిస్తుంది. 16వ తేదీకి చాలు, 15న 20:30 అని రాయొచ్చు. 1వ తేదీ దగ్గరే చిక్కు. మన 1వ తేదీ తెల్లవారుజాము రెండు అంటే యూటీసీలో గత నెల ఆఖరి రోజు. నెలాఖరు అని చెప్పే గుర్తు మామూలు క్రాన్‌లో లేదు. 28 నుంచి 31 దాకా రోజూ లేపి, రేపు 1వ తేదీయేనా అని చూసుకునే షరతు పెట్టాల్సి వస్తుంది. ఇది నడుస్తుంది గానీ, రాసినతను ఉద్యోగం మారితే తర్వాత వచ్చినవారికి అర్థం కాదు. నా లెక్కలో, ఈ సర్వర్ మన జిల్లా పని మాత్రమే చేస్తుంటే గడియారాన్నే ఏషియా/కోల్‌కతాకు మార్చి, క్రాన్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం మేలు. మళ్లీ మొదలుపెట్టకపోతే పాత సమయమే పట్టుకుని ఉండొచ్చు.

మెయిల్ సంగతి ఇంకా బాధాకరం. పని ఏదైనా సందేశం చెబితే క్రాన్ దాన్ని యజమానికి మెయిల్ చేస్తుంది. పాత యునిక్స్ యంత్రాల్లో లాగిన్ కాగానే ఆ మెయిల్ కనిపించేది. ఇప్పటి చాలా సర్వర్లలో మెయిల్ పంపే ప్రోగ్రామే ఉండదు. అప్పుడు డెబియన్ అనే లినక్స్ రకంలో, ఆ సందేశాన్ని పారేస్తున్నట్టు లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఒక వాక్యం పడుతుంది, అంతే. బిల్లు లెక్క మధ్యలో ఆగినా మొదట తెలిసేది పాస్‌బుక్ పట్టుకుని వచ్చిన రైతు ద్వారానే.

కరెంటు పోయి యంత్రం ఆగి ఉంటే క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది. తప్పిన పనిని తర్వాత నడిపే అనాక్రాన్, లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ టైమర్లు ఆ లోటు పూడ్చాయి. సిస్టమ్‌డీలో వేళ పక్కనే ప్రాంతం పేరు రాసే వీలుంది. ఎన్నో యంత్రాల మీద ప్రోగ్రామ్‌లను నడిపే కుబర్నెటిస్‌లో అయితే సమయ ప్రాంతాన్ని విడిగా చెప్పే వీలు స్థిరపడింది 2023లో, 1.27 వెర్షన్‌తో.