మైకుకి పది గంటల రూలుంది, ఫోకస్ లైటుకి లేదు

రాత్రి పది దాటాక ఎవరైనా మైకు పెడితే స్టేషన్‌కి ఫోన్ చేసి అడిగే హక్కు మనకుంది. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్ స్పీకర్లు మోగకూడదని రాసి ఉంది. అది ఎంతవరకు అమలవుతోందో ఏ జాతరకి వెళ్ళినా తెలిసిపోతుంది, అయినా అడగడానికి ఒక గంటంటూ ఉంది. మరి పెళ్ళి అయిపోయి, వంటవాళ్ళు గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయి, గేటుకి తాళం పడ్డాక కూడా ఫంక్షన్ హాలు ముందు ఫోకస్ లైట్లు తెల్లారేదాకా ఆకాశంలోకి వెలుగు చిమ్ముతుంటే ఎవరికి ఫోన్ చేయాలి?

రాత్రి వెలుగులో రెండు రకాలున్నాయి. పని కోసం వెలిగేది ఒకటి, పదిమందికి కనపడటం కోసం వెలిగేది ఇంకొకటి. మొదటిదాన్ని ఆర్పమని ఎవరూ అడగరు, కాస్త సర్దితే చాలు. రెండోదాన్ని మాత్రం కొట్టు కట్టేశాక ఆర్పించాలి, నా వాదన ఇంతే.

మన గోదావరి డెల్టాలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. రావులపాలెం నుంచి అమలాపురం వైపు గానీ, పాలకొల్లు నుంచి భీమవరం వైపు గానీ రాత్రిపూట బండి మీద వెళ్తే వరసగా పెట్రోల్ బంకు, నగల షాపు హోర్డింగు, ఒక్క ఇల్లు కూడా లేవని రియల్ ఎస్టేట్ వెంచరు ముందు రంగురంగుల ఆర్చి, ఐస్ ఫ్యాక్టరీ, మళ్ళీ హోర్డింగు. మధ్యలో రొయ్యల చెరువులు, గట్ల మీద స్తంభాలకి అడ్డంగా కట్టిన తెల్లటి ఎల్ఈడీ లైట్లు. చెరువుల వాళ్ళ అవసరం నిజమైనదే. రాత్రంతా నీళ్ళలోని నాచు, సూక్ష్మజీవులు, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ వాడేసుకుంటాయి, ఎండ లేదు కాబట్టి కొత్తది తయారవదు, తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. ఆ టైములో నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ ఆగితే పంటే పోతుంది. కాబట్టి మోటారు షెడ్డు దగ్గర, ఏరేటర్ల దగ్గర వెలుగుండాల్సిందే. కానీ చాలాచోట్ల ఆ లైటు నీళ్ళని కాదు, కాలవ అవతల ఉన్న ఊరిని వెలిగిస్తోంది. నీళ్ళ మీద పడ్డ కాస్త వెలుగులోనూ కొంత అద్దం మీద పడ్డట్టు పైకే పోతుంది.

పైకి పోయిన వెలుగు అక్కడితో ఆగదు. గాలిలోని అణువులు దాన్ని చెదరగొట్టి తిరిగి కిందకి పంపుతాయి, ఊరి మీద తెల్లటి గొడుగులా కనపడేది అదే. నీలి రంగు మిగతా రంగుల కంటే చాలా ఎక్కువ చెదురుతుంది, పగలు ఆకాశం నీలంగా ఉండటానికి కారణం కూడా ఇదే కదా. పాత సోడియం వీధిదీపం పసుప్పచ్చటి వెలుగు ఇచ్చేది, దాని తరంగదైర్ఘ్యం ప్రధానంగా 589 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది అసలు నీలి చిప్పు, దాదాపు 450 నానోమీటర్లది, దాని మీద పసుపు పూత పూసి తెల్లగా కనిపించేలా చేస్తారు. శుభ్రమైన గాలిలో ఈ నీలి భాగం సోడియం వెలుగు కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెదురుతుంది. దానికితోడు మన గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, సముద్రం ఒకవైపు, కాలవలు ఇంకోవైపు, ధనుర్మాసంలో మంచు సరేసరి. ఆ సన్నటి నీటి బిందువులు ఏ రంగునీ వదలవు, అన్నిటినీ చెదరగొడతాయి.

అన్నిటికన్నా చెడ్డది నేలకి దాదాపు సమాంతరంగా, కొంచెం పైకి వెళ్ళే వెలుగు. తిన్నగా పైకి పోయేది వాతావరణాన్ని త్వరగా దాటిపోతుంది. పక్కకి పోయేది గాలిలో చాలా దూరం ప్రయాణిస్తుంది, అంతదూరమూ చెదురుతూనే ఉంటుంది, అందుకే భీమవరం వెలుగు భీమవరంలోనే ఉండిపోదు. కింద నుంచి పైకి లైట్లు బిగించిన హోర్డింగు ఇలాంటిదే. బోర్డు మీద పడాల్సిన వెలుగులో బోర్డు దాటిపోయిందంతా ఆకాశానికి.

ఎల్ఈడీ వచ్చాక కరెంటు ఆదా అయిందన్నారు, అయింది కూడా. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా వీధిదీపాల్ని ఎల్ఈడీకి మార్చే పథకం మొదలైంది, మన రాష్ట్రం అందులో ముందే దిగింది. కాకపోతే ఒక లైటు ఖర్చు తగ్గగానే మనం ఆ ఒక్కదానితో సరిపెట్టుకోలేదు, నాలుగు పెట్టాం. చెరువులకి రాయితీ కరెంటు కూడా వచ్చేసరికి పగలు కూడా ఆర్పకుండా వదిలేసిన లైట్లు కనపడతాయి.

ప్రపంచం మొత్తం మీద పరిస్థితేంటి అంటే, 2016లో ఇటలీకి చెందిన ఫాబియో ఫాల్కి బృందం ప్రచురించిన అట్లాసు ప్రకారం ప్రపంచ జనాభాలో 83 శాతం మంది వెలుగు కలిసిన ఆకాశం కిందే బతుకుతున్నారు, మూడోవంతుకి పైగా జనానికి పాలపుంత కనపడనే కనపడదు. 2023లో క్రిస్టఫర్ కీబా బృందం ఇంకో పని చేసింది. 2011 నుంచి 2022 దాకా మామూలు జనం కంటితో చూసి, తమకి ఎంత మసక నక్షత్రాల దాకా కనపడుతున్నాయో పంపిన యాభై వేలకి పైగా పరిశీలనల్ని లెక్కగట్టింది. ఏడాదికి సగటున 9.6 శాతం చొప్పున ఆకాశం తెల్లబడుతోందని తేలింది, అంటే ఎనిమిదేళ్ళలోపే రెట్టింపు. ఆ లెక్కన 250 నక్షత్రాలు కనపడే చోట పుట్టిన పిల్లకి పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయి. ఆ పరిశీలనల్లో ఎక్కువ భాగం యూరప్, ఉత్తర అమెరికాలవి, అది గుర్తు పెట్టుకోవాలి. ఉపగ్రహాల లెక్కల్లో మాత్రం పెరుగుదల ఇంతకంటే బాగా తక్కువ కనపడుతుంది. ఒక పెద్ద కారణం ఏంటంటే, రాత్రి వెలుగు కొలిచే ప్రధాన ఉపగ్రహాల కెమెరాకి 500 నానోమీటర్లకి కింద ఉన్న నీలి వెలుగు ఆనదు, ఎల్ఈడీలు ఎక్కువ పంపేదే అది.

ఇప్పుడు మన దగ్గర ఇంకా మిగిలి ఉన్నదాని సంగతి. డెల్టాకి దక్షిణాన బంగాళాఖాతం. అటువైపు ఊళ్ళు లేవు, పడవల దీపాలు, దూరంగా గ్యాస్ రిగ్గులు తప్ప పెద్దగా వెలుగు లేదు. మనమున్నది 16, 17 డిగ్రీల అక్షాంశం మీద కాబట్టి ఢిల్లీ వాళ్ళకి దిక్చక్రం అంచున దుమ్ములో కలిసిపోయే దక్షిణ నక్షత్రాలు మనకి కాస్త ఎత్తులో వస్తాయి. చలికాలం రాత్రుళ్ళు అగస్త్యుడు, అంటే కనోపస్ నక్షత్రం, దాదాపు 21 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతాడు. మే మొదట్లో రాత్రి పదింటికి అంతర్వేది ఇసుకలో నిలబడి సముద్రం వైపు చూస్తే త్రిశంకు, అదే సదరన్ క్రాస్, 13 డిగ్రీల ఎత్తున నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంకో గంట ఆగితే దానికి ఎడమవైపు, ఇంకా ఎత్తులో, ఒమేగా సెంటారీ అనే మసక మచ్చ. అది ఒక నక్షత్రం కాదు, దాదాపు కోటి నక్షత్రాల గుంపు, 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మామూలు కంటికి అందే వస్తువే, కానీ వెనకాల నిజమైన చీకటి ఉంటేనే. తీరం పొడుగునా రిసార్టులు లేచి, వాటి ఫోకస్ లైట్లు కెరటాల మీదకి తిప్పితే మొదట పోయేది ఇదే. అలా నీళ్ళ మీదకి లైట్లు కొట్టడాన్ని బీచ్ వ్యూ అంటున్నారు, రాత్రిపూట ఆ వెలుగులో కనపడే వ్యూ ఏంటో నాకైతే అర్థం కాలేదు!

చుక్కలు చూసేవాళ్ళ గొడవే అయితే ఎవరూ పట్టించుకోరని తెలుసు. కానీ వరి కూడా రాత్రిని లెక్కపెడుతుంది. వరి స్వతహాగా రాత్రుళ్ళు పొడవైతే పూతకొచ్చే మొక్క, సార్వాలో వేసే దీర్ఘకాలిక రకాల్లో కొన్నిటికి ఈ లక్షణం గట్టిగా ఉంటుంది. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం చీకటి ఎంతసేపు ఉందో పసిగడుతుంది. మధ్యలో వెలుగు పడితే ఆ మొక్కకి రాత్రి పొట్టిదైనట్టే లెక్క, ఇంకా టైముంది అనుకుని ఈనడం వాయిదా వేస్తుంది. చేనంతా పండి పసుపెక్కినా స్తంభం చుట్టూ ఒక గుండ్రటి ముక్క పచ్చగా ఉండిపోవడానికి కారణం ఇదే. కోత మిషను వచ్చే రోజుకి ఆ ముక్కలో గింజ పాలుపోసుకునే దశలో ఉంటుంది.

ఇక పురుగులు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం లాంటి చోట్ల శాస్త్రవేత్తలు కాండం తొలిచే పురుగు ఉధృతిని దీపపు ఎరలతోనే లెక్కిస్తారు, ఎందుకంటే దాని రెక్కల పురుగు లైటు చూస్తే ఆగదు. ఎరలో దీపం కింద పురుగుని పట్టే ఏర్పాటుంటుంది. హోర్డింగు కింద అదేమీ లేదు, వెలుగు పురుగుని పిలుస్తుంది గానీ చంపదు, వచ్చింది పక్కనున్న చేలోనే వాలుతుంది. మిణుగురులది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. అవి తమ జతని వెతుక్కునేది తమ మెరుపుతోనే, చుట్టూ వెలుగు ఎక్కువైతే ఆ మెరుపు ఎదుటిదానికి కనపడదు, ఆ రాత్రికి జత కుదరదు.

తాబేళ్ళ విషయం చాలామందికి తెలుసు, అయినా చెప్పాలి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లోనూ, డెల్టా తీరం పొడుగునా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతాకాలంలో వచ్చి గుడ్లు పెడతాయి. దాదాపు రెండు నెలలకి పిల్లలు, ఎక్కువగా రాత్రిపూటే, ఇసుకలోంచి బయటికొస్తాయి. వాటికి దారి చూపేవాళ్ళు ఉండరు. వెనక సరుగుడు తోటల చీకటి, ముందు ఆకాశపు వెలుగు తగిలి కాస్త మెరిసే సముద్రం, అంతే తేడా, ఎటు వెలుగుంటే అటు పరిగెడతాయి. సరుగుడు వైపు ఒక రిసార్టు లైటు ఉంటే అవి రోడ్డు మీదకొస్తాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి పిల్లల్ని కెరటాల దగ్గరే వదులుతున్నారు, మంచి పని, కానీ అన్ని గూళ్ళూ వాళ్ళ కంట పడవు.

చీకటి అనగానే మనవాళ్ళు రెండు మాటలంటారు: దొంగలు, పాములు. ఆ భయాలు ఉత్తివి కావు. కాకపోతే కంట్లోకి సూటిగా కొట్టే లైటు వల్ల కంటిపాప ముడుచుకుపోతుంది, ఆ లైటు వెనకున్న మనిషి అసలు కనపడడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క ఫోకస్ లైటు వైపు చూస్తే ఆ అరగంట పోయినట్టే. ఎదురు లైటు కొట్టించుకుంటూ కాలవ గట్టు మీద సైకిలు తొక్కినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. భద్రత కావాలంటే లైటుకి పైన రేకు మూత బిగించి వెలుగంతా నేల మీదకి దించాలి, అప్పుడు తక్కువ వాట్ల బల్బే సరిపోతుంది. అలాగే, అంతర్వేది కల్యాణానికో, జగ్గన్నతోట ప్రభల తీర్థానికో దీపాలు పెట్టొద్దని కూడా ఎవరూ అనడం లేదు. ఏడాదికి ఆ నాలుగు రాత్రుళ్ళ వెలుగు సమస్య కాదు.

వ్యాపార వెలుగుకి పగ్గం వేయడం కొత్తేమీ కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు 1958లోనే ప్రకటనల కోసం ఆకాశంలో తిప్పే సెర్చ్ లైట్లని నిషేధించింది, అక్కడున్న లోవెల్ అబ్జర్వేటరీ కోసం. మన దగ్గర కొత్త షాపు ఓపెనింగ్‌కి ఆకాశంలో గిరగిరా తిప్పే లైటు ఉంటుందే, సరిగ్గా అదే. ఫ్రాన్స్‌లో షాపుల అద్దాల లైట్లు రాత్రి ఒంటిగంటకల్లా ఆర్పేయాలి. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లేని 2022లో డార్క్ స్కై రిజర్వుగా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు, మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో చీకటి ఆకాశానికే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. తెలుగువాళ్ళ అనుభవం మాత్రం బాధాకరం. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి బేగంపేటలో ఊరి వెలుగు ఎక్కువైందని 48 అంగుళాల టెలిస్కోపుని దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు, 1968లో అది పని మొదలుపెట్టింది. సిటీ అటూ వచ్చేసింది.

వ్యాపారం ఇప్పుడు ఇంకా పైకి వెళ్ళింది. 2019 మే నుంచి ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వేలల్లో ఎగిరాయి, సూర్యుడు అస్తమించాక గంటా రెండు గంటల పాటు వాటి మీద ఎండ పడి మెరుస్తాయి. మన అక్షాంశంలో అర్ధరాత్రికి దాదాపు అన్నీ భూమి నీడలోకి జారుకుంటాయి, వేసవిలో ఉత్తర యూరప్ వాళ్ళకి ఆ సౌకర్యం లేదు. రిఫ్లెక్ట్ ఆర్బిటల్ అనే అమెరికా కంపెనీ కక్ష్యలో అద్దాలు పెట్టి రాత్రిపూట ఎండ అమ్ముతానంటోంది. అంతరిక్షంలో ప్రకటనల బోర్డు పెడతామని 2019లో ఒక రష్యన్ స్టార్టప్ బయల్దేరింది. విచిత్రమేంటంటే, టెలిస్కోపు లేకుండా నేల మీంచి కనపడే అంతరిక్ష ప్రకటనలకి అనుమతులు ఇవ్వకూడదని అమెరికా చట్టంలోనే రాసి ఉంది. కక్ష్యలో ఇంకా వెలగని హోర్డింగుకి చట్టముంది, మా వీధి చివర రోజూ వెలిగేదానికి లేదు.

ఆ హోర్డింగు ఓనరుని ఒకసారి అడిగాను, పదకొండు దాటాక ఆర్పేయొచ్చు కదండీ అని. "నాది ఆర్పేస్తే పక్కాయనది కనపడుతుంది కదండీ, ఆయన్నీ ఆర్పమనండి, నేనూ ఆర్పేస్తాను, కరెంటు బిల్లు నాకేమైనా సరదానా?" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, ఒకళ్ళు ఒంటరిగా ఆర్పరు. కానీ దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. హోర్డింగుకీ, షాపుకీ, ఫంక్షన్ హాలుకీ లైసెన్సు ఇచ్చేదీ, రెన్యువల్ చేసేదీ మున్సిపాలిటీ, పంచాయతీలే. ఆ కాగితంలో మూడు షరతులు చేరిస్తే సరిపోతుంది: లైట్లు బోర్డు పై అంచున ఉండి కిందకి చూడాలి, బల్బు 3000 కెల్విన్లకి మించని పసుపు వెలుగుదై ఉండాలి (డబ్బా మీద వార్మ్ వైట్ అని రాసి ఉంటుంది), పదకొండింటికి టైమర్ స్విచ్ దానంతటదే ఆర్పేయాలి. తీరం వెంబడి ఊళ్ళు తాబేలు పిల్లలు బయటికొచ్చే నెలల్లో ఇంకో రెండు గంటలు ముందే, తొమ్మిదింటికే ఆర్పేలా పెట్టుకోవచ్చు. టైమర్లు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి, ఇళ్ళలో వాటర్ ట్యాంకు మోటారుకి పెట్టుకునేవే.