స్లాబ్ వేశాం కదా, భూకంపానికేం భయం?

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండల్లో ఇళ్ళ పటిష్ఠత చూసి చెప్పడం నా పని. ఏ ఊరికెళ్ళినా ఇంటాయన పిల్లర్‌ని అరచేత్తో చరిచి ఒకటే మాట: "తాతల నాటి రాతిగోడ కాదు సాబ్, పక్కా ఇల్లు."

రాతిగోడంటే ఆ భయం ఊరికే రాలేదు. 1991 అక్టోబరు 20న, తెల్లవారుజామున మూడు కావస్తుండగా ఉత్తరకాశీ కంపించి 750 మందికి పైగా పోయారు. చాలామంది ఆ గోడల కిందే. అయితే రాళ్ళ మధ్య చెక్క దూలాలు పేర్చి కట్టిన కోటీ బనాల్ తరహా పాత ఇళ్ళు ఆ రాత్రిని తట్టుకున్నాయి. ఆ సంగతి ఎవరికీ పట్టదు. సిమెంటుంటే చాలనుకుంటారు.

చాలదు. లావు రాడ్ల లెక్క అందరూ అడుగుతారు, పిల్లర్‌లో ఆ రాడ్లని చుట్టి పట్టే రింగుల గురించి ఒక్కరూ అడగరు. రింగు కొసని 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే, ఊపుకి పైనున్న కాంక్రీటు పెచ్చు రాలగానే అది విచ్చుకుంటుంది. రాడ్లు పక్కకు ఉబ్బుతాయి, పిల్లర్ పోతుంది. కొస 135 డిగ్రీలు తిరిగి లోపలి కాంక్రీటులోకి దిగాలి. పిల్లర్‌లో బీమ్‌కి పైనా కిందా రింగుకీ రింగుకీ మధ్య 4 అంగుళాలు దాటకూడదు. ఓ సైట్లో ఈ మాటంటే రాడ్ బెండర్ నవ్వాడు, "ఇలా వంచుతూ కూర్చుంటే నా కూలి గిట్టదు" అని. ఆ ఇంటి మెట్లకి మాత్రం గ్రానైట్ వేశారు!

వాలు మీద ఇంకో చిక్కు. లోయవైపు పిల్లర్లు పొడుగు, కొండవైపువి పొట్టి. పొట్టివి గట్టివి అంటారు. నిజమే, వంగకుండా బిగుసుకుని ఉంటాయి, అందుకే దెబ్బంతా అవే తింటాయి. ఎత్తు సగమైతే బిగువు 8 రెట్లు.

చిన్న చిన్న ప్రకంపనలొస్తే పెద్దది తప్పిపోతుందట! 8 తీవ్రత భూకంపపు శక్తి పోవాలంటే 5 తీవ్రతవి ముప్పైవేలకు పైగా రావాలి. ఇక "రాత్రి రెండింటికి వస్తుంది" అనే వాట్సాప్ మెసేజ్‌లు... తేదీ, టైము చెప్పగలిగినవాడు ప్రపంచంలో లేడు. ఫార్వర్డ్ చేయకండి, అంతే.

అలాంటి మెసేజ్ చూసే ఒకావిడ చలికాలం అర్ధరాత్రి ఫోన్ చేసింది, పసిపిల్లతో బయట పడుకోమంటారా అని. ఆమెని ఏమనగలం? లోపలే పడుకోమన్నాను. మంచం కిటికీకి దూరంగా జరపమని, టార్చి, చెప్పులు పక్కనే పెట్టుకోమని, ఊగితే బల్ల కిందికి దూరమని, ఆగాక బయటికొస్తే కొండచరియ కింద నిలబడొద్దని చెప్పాను. బీరువా గోడకి బిగించమని కూడా.

ఫోన్ పెట్టేసి చూస్తే నా బీరువా నా తలాపునే ఉంది, ఒక్క స్క్రూ లేకుండా. ఆ రాత్రి మంచం జరుపుకుని పడుకున్నాను.