చదివినట్టు అనిపించడం వేరు, రావడం వేరు: యూనివర్సిటీ చదువుపై కొన్ని అపోహలు

స్కూల్లో ముందు వరుసలో ఉన్నవాళ్లు కూడా యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్‌కే తడబడుతుంటారు. తెలివి తగ్గిపోయి కాదు. ఇక్కడ తమ చదువును తామే లెక్క చూసుకోవాలి. ఆ లెక్క మాత్రం చాలామంది ‘అనిపించడం’ మీద నడిపిస్తారు. విద్యార్థులకు సలహాలిచ్చే పనిలో మాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: వారానికి 15 గంటలే క్లాసులు, మిగతాదంతా ఖాళీయే.

వాస్తవం: కోర్సు బరువును క్రెడిట్లలో కొలుస్తారు. క్రెడిట్ అంటే క్లాసులో కూర్చునే సమయం ఒక్కటే కాదు. యూరప్‌లో వాడే ఈసీటీఎస్ అనే క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. అమెరికాలో గంట క్లాసుకు బయట రెండు గంటలన్నది పాత లెక్క. దాని ప్రకారం 15 గంటల క్లాసులంటే వారానికి 45 గంటల పని. దీని మీద 20 గంటల పార్ట్‌టైమ్ ఉద్యోగం పెట్టుకుంటే 65 అవుతుంది. మొదటి నెల ఎవరూ ఏమీ అడగరు కాబట్టి ఆ బరువు తెలియదు. తర్వాత అన్ని సబ్జెక్టులూ ఒకే వారం మీద పడతాయి. సెమిస్టర్ మొదలైన రోజే అన్ని కోర్సుల తేదీలూ ఒకే కాగితం మీద వేసుకోండి. ఏ వారంలో మూడు పనులు కలిసొస్తున్నాయో, దానికి రెండు వారాల ముందే ఒకటి మొదలుపెట్టండి.

అపోహ: నాలుగుసార్లు చదివితే అదే వస్తుంది.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61. పరీక్ష ఐదు నిమిషాల్లో రాదుగా!

మళ్లీ చదువుతుంటే వాక్యాలు తెలిసినట్టే ఉంటాయి. ఆ పరిచయాన్నే వచ్చేసిందని పొరబడతాం. రంగు పెన్నుతో గీతలు గీయడమూ అంతే, పేజీ నిండుతుంది గానీ బుర్రలోకి పెద్దగా ఎక్కదు.

చేయాల్సింది ఇది. ఒక సెక్షన్ చదివి పుస్తకం మూయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. ఆనక పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర ఇంకుతో నింపండి. మర్నాడు ఆ ఎర్రభాగాలనే మళ్లీ చూడకుండా రాయండి. తర్వాత మూడో రోజు, ఆపైన వారానికి. మొదటిసారి సగం కాగితం ఖాళీగా ఉంటుంది. చాలామంది అక్కడే బెదిరి మళ్లీ చదవడంలోకి జారుకుంటారు. కానీ మీకు ఏది రాదో చూపించేది ఆ ఖాళీయే.

అపోహ: పరీక్ష ముందురోజు తెల్లార్లూ కూర్చుంటే గట్టెక్కొచ్చు.

వాస్తవం: పొద్దున ఏడింటికి లేస్తే అర్ధరాత్రికి 17 గంటల మెలకువ. ఆ సమయానికి మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997 నాటి ఒక ప్రయోగం తేల్చింది. ఆ స్థితిలో చదివింది నిలవడం కష్టం, మర్నాడు లెక్కను తప్పుల్లేకుండా చేయడం ఇంకా కష్టం. కాఫీ నిద్రను వాయిదా వేస్తుందే తప్ప దానికి బదులు కాదు. కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సిలబస్ మిగిలిపోతే పాత ప్రశ్నపత్రాలు చూసి మూడు టాపిక్‌లు ఎంచుకోండి, మిగతావి వదిలేసి పడుకోండి.

అపోహ: ప్రాజెక్ట్ రిపోర్టే కదా, రెండు రోజుల్లో అయిపోతుంది.

వాస్తవం: 1994లో వచ్చిన ఒక పరిశోధనలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగుస్తుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంతని అడిగితే 49 అన్నారు. పట్టింది 55 రోజుల పైనే. కాబట్టి మొదటి పేజీ గడియారం పెట్టుకుని రాసి, దాన్నిబట్టి మొత్తం లెక్కేయండి. రెఫరెన్సులు సరిచూడటం, పట్టికలు సర్దడం, ఫైల్ మార్చడం ఎవరి లెక్కలోనూ ఉండవు, అసలు సమయం తినేది అవే. అప్‌లోడ్ ముందురోజే చేయండి. చేశాక ఆ ఫైల్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. పాత డ్రాఫ్ట్ ఎక్కించి ఊరుకున్నవాళ్లకు ఆ సంగతి మార్కులు వచ్చాకే తెలుస్తుంది.

అపోహ: గ్రేడ్లు చివరి ఏడాదిలో లాగేసుకోవచ్చు.

వాస్తవం: పదికి లెక్కేసే పద్ధతిలో 100 క్రెడిట్ల తర్వాత సగటు 7.0 ఉందనుకోండి. తర్వాతి 20 క్రెడిట్లలో ఏకంగా 9.0 తెచ్చుకున్నా, 700కు 180 కలిపి 120తో భాగిస్తే వచ్చేది 7.33. మొదటి సెమిస్టర్‌లో మార్చడం తేలిక, చివర్లో అంకె పెద్దగా కదలదు.

అపోహ: గ్రూప్ ప్రాజెక్ట్‌లో అందరూ సమానంగా పంచుకుంటే చాలు.

వాస్తవం: పంచుకున్న ముక్కలను కలపడం కూడా ఒక పనే. అది ఎవరిదో మొదటి రోజే పేరు రాసుకోండి, గడువుకు మూడు రోజుల ముందే ముక్కలన్నీ వాళ్ల చేతికి రావాలి.

అపోహ: లెక్చరర్‌ను అడిగితే చులకనైపోతాం.

వాస్తవం: “ఏమీ అర్థం కాలేదండీ” అంటే ఎవరికైనా ఎక్కణ్ణుంచి చెప్పాలో తోచదు. “ఈ లెక్క మూడో మెట్టు దాకా వచ్చింది, అక్కడ గుర్తు ఎందుకు మారిందో తెలియట్లేదు” అని మీరు చేసిన కాగితం ముందు పెట్టండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. గడువు పొడిగింపు కావాలన్నా అంతే. కారణం, ఇప్పటిదాకా అయిన పని, ఎప్పటికి ఇస్తారన్న తేదీ, ఈ మూడూ గడువుకు ముందే రాసి పంపండి. గడువు దాటాక రాస్తే, సాయం చేయాలనున్నా చాలాచోట్ల నిబంధనలు ఒప్పుకోవు.