వయోలాతో సోలోనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల నా మొదటి పూర్తి స్థాయి సోలో కచేరీ అయింది. లండన్‌లో ఒక చిన్న చర్చి, శనివారం సాయంత్రం, డెబ్బై ఎనభై మంది జనం. మొదట బాఖ్ రచన, తర్వాత హిండెమిత్‌ది, విరామం అయ్యాక రెబెకా క్లార్క్‌ది. అంతా కలిపి గంటకు కాస్త తక్కువ. వీడియో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే "వయోలిన్ చాలా బాగా వాయించావమ్మా" అన్నవాళ్ళే ఎక్కువ. సికింద్రాబాద్‌లో ఎనిమిదేళ్ళప్పుడు వయోలిన్ పట్టుకుని, పదహారో ఏట వయోలాకి మారాను. అప్పటినుంచీ ఇవే మాటలు వింటున్నాను, మనవాళ్ళ దగ్గరా, ఇక్కడివాళ్ళ దగ్గరా. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి ఇలా ఒకేచోట రాస్తున్నాను.

అపోహ: వయోలా అంటే కొంచెం పెద్ద వయోలిన్, అంతే.

దూరం నుంచి చూస్తే అంతే. తీగల దగ్గరికి రండి. పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్తే, వయోలిన్‌కి కింది నుంచి జి, డి, ఎ, ఇ. వయోలాకి సి, జి, డి, ఎ. పైనున్న ఇ పోయి, కింద ఒక సి వచ్చి చేరింది. మొత్తం వాద్యం ఒక పంచమం కిందికి దిగిందన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. షడ్జానికీ పంచమానికీ ఉన్న నిష్పత్తి 2:3. వయోలిన్ పెట్టె, అంటే మోగే చెక్క ఒళ్ళు, పొడవు సుమారు 14 అంగుళాలు. అదే అందంతో ఒక పంచమం కిందికి పలకాలంటే పెట్టె 21 అంగుళాలు ఉండాలి. అంత పెట్టెను గడ్డం కింద పెట్టుకుని చివరిదాకా చెయ్యి చాపగలిగే మనిషిని నేనింకా చూడలేదు. అందుకని రాజీ పడ్డారు. 15 నుంచి 17 అంగుళాల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, ఖాయమైన కొలతంటూ లేదు. నాది 16. వయోలాని సోలో వేదిక మీదికి తేవడానికి జీవితమంతా పోరాడిన ఇంగ్లీషు విద్వాంసుడు లయొనెల్ టెర్టిస్ (1876–1975) మాత్రం సి తీగ నిండుగా మోగాలని పట్టుబట్టి, 16¾ అంగుళాలతో తన పేరు మీద ఒక నమూనానే తయారు చేయించాడు.

ఈ రాజీ వల్లే వయోలాకి ఆ గొంతు వచ్చింది. పలకాల్సిన స్వరాలకు పెట్టె చాలదు. కింది స్వరాలకు దాని నుంచి పూర్తి ఆసరా అందదు. అందుకే కాస్త బొంగురు, కాస్త ముక్కుతో పలికినట్టు, తెల్లవారుజామున ఇంకా ఎవరితోనూ మాట్లాడని మనిషి గొంతులా ఉంటుంది. కొందరు దాన్ని లోపమంటారు. నేను వయోలిన్ వదిలేసింది దానికోసమే.

అపోహ: వయోలిన్ సరిగా రానివాళ్ళు వయోలాకి వస్తారు.

ఇది పాత పాట. 1752లోనే క్వాంట్జ్ అనే జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు రాసిపెట్టాడు: వయోలాని ఎవరూ లెక్కచేయరనీ, వయోలిన్‌లో రాణించలేనివాళ్ళకో, కొత్తగా చేరినవాళ్ళకో దాన్ని అప్పగిస్తారనీ. ఆ మాటే ప్రచారంలోకి వచ్చింది. మంచి వాద్యబృందానికి మంచి వయోలా మనిషి కావాలని ఆయనే వాదించిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇక్కడ ఆర్కెస్ట్రాల్లో వయోలా జోకులని ఒక జాతి ఉంది. ఉల్లిపాయకీ వయోలాకీ తేడా ఏంటి? వయోలాని తరిగితే ఎవరికీ కన్నీళ్ళు రావు. నవ్వేసి ఊరుకుంటాం. సగం జోకులు మాలోనే పుడతాయి.

అయితే బాఖ్‌కి బృందంలో వాయించాల్సి వస్తే వయోలాయే ఇష్టమని ఆయన కొడుకే రాశాడు. మొజార్ట్ స్నేహితులతో క్వార్టెట్లకు (నలుగురు కలిసి వాయించేవి) కూర్చుంటే వయోలా తీసుకునేవాడు. కుర్ర బేతోవెన్ బాన్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో, డ్వోర్జాక్ ప్రాగ్ నాటకశాల ఆర్కెస్ట్రాలో వయోలా వాయించి జీతం తీసుకున్నారు. సంగీతం రాసేవాళ్ళకు నడుమ కూర్చుంటే పైనా కిందా ఏం జరుగుతోందో రెండూ వినిపిస్తాయి.

వయోలిన్ నుంచి మారిన మాట నిజమే, దాదాపు అందరం మారినవాళ్ళమే. మారగానే తెలిసేది ఏమిటంటే, చెయ్యి మళ్ళీ నేర్చుకోవాలి. సి తీగ లావు, కమాను తగలగానే పలకదు. నూట ఎనభై మైళ్ళ వేగంతో కమాను లాగే వయోలిన్ అలవాటుతో దాన్ని తాకితే గాలి శబ్దం తప్ప ఏమీ రాదు. కమాను కూడా బరువే, వయోలిన్‌ది 60 గ్రాములైతే ఇది 70 దాకా ఉంటుంది. నెమ్మదిగా, చేతి బరువు దించి, క్షణం ముందే మొదలుపెట్టాలి. నొటేషన్ కూడా వేరు. ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు మాకు వేరు, మధ్య గీత మీద సి ఉండే ఆల్టో క్లెఫ్. మొదటి మూడు నెలలూ నాకు కళ్ళు ఒకటి చదివితే వేళ్ళు ఇంకోటి వాయించేవి.

అపోహ: పక్కవాద్యానికి సోలో ఏమిటి? దానికి పాటలెక్కడున్నాయి?

ఇది మా బాబాయి ప్రశ్న. ఆయనకు తగిన జవాబు ఆయన ఇంటి గోడ మీదే ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫొటో. గాయకుడి పక్కన కూర్చునే వయోలిన్‌ని వేదిక నడుమకు తెచ్చి సోలో కచేరీలు చేసిన మనిషి ఆయన. పక్కవాద్యం అన్నది మనం కూర్చోబెట్టిన చోటు. ఇంకోటి, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వయోలిన్‌తో పాటు వయోలా కూడా వాయించేవారు. కాబట్టి ఇది మనకు బొత్తిగా ముక్కూమొహం తెలియని వాద్యమేం కాదు.

పాటల సంగతి. 19వ శతాబ్దం వరకూ వయోలా సోలోకి రాసింది తక్కువే, ఒప్పుకుంటాను. 20వ శతాబ్దంలో మాత్రం గేట్లు ఎత్తినట్టు వచ్చాయి. ఇంగ్లీషు స్వరకర్త వాల్టన్ కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక సోలో వాద్యం వాయించేది, 1929) టెర్టిస్ కోసం రాసిందే. ఆయన మరీ కొత్తగా ఉందని తిప్పి పంపేశాడు, తర్వాత చాలా బాధపడ్డాడు. ఆయన బదులు లండన్‌లో దాన్ని మొదటిసారి వాయించింది హిండెమిత్. హంగేరీ స్వరకర్త బార్టోక్ కాన్చెర్టో వయోలా విద్వాంసుడు విలియం ప్రిమ్‌రోజ్ అడిగి రాయించుకున్నది. పూర్తికాకుండానే 1945లో బార్టోక్ పోయాడు, స్నేహితుడు టిబోర్ షెర్లీ చిత్తుప్రతుల నుంచి పూర్తిచేశాడు. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ చిట్టచివరి రచన వయోలా సొనాటా (ఒకటి రెండు వాద్యాలకు, కొన్ని భాగాలుగా రాసేది), 1975.

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది రెబెకా క్లార్క్ గురించి. ఆమే వయోలా విద్వాంసురాలు, టెర్టిస్ దగ్గర నేర్చుకుంది. 1912లో లండన్ కండక్టర్ హెన్రీ వుడ్ తన ఆర్కెస్ట్రాలోకి ఆడవాళ్ళను తీసుకున్నప్పుడు ఆమె ఒకరు. 1919లో అమెరికాలో ఎలిజబెత్ కూలిడ్జ్ అనే సంపన్నురాలు పెట్టిన పోటీకి నేను వాయించిన ఈ సొనాటా పంపింది. రచయితల పేర్లు దాచి పెట్టిన పోటీ. న్యాయనిర్ణేతల ఓట్లు రెండు రచనలకు సమానంగా పడ్డాయి. కూలిడ్జ్ తన ఓటు ఎర్నెస్ట్ బ్లాక్ అనే స్వరకర్త రచనకు వేసింది. తర్వాత రెండో రచన ఎవరిదని చూస్తే ఆడమనిషి పేరు! అదేదో మారుపేరనీ, ఇలాంటిది ఒక ఆడది రాయగలదా అనీ గుసగుసలు పుట్టాయి. ఆ సొనాటా ఇవాళ మా అందరి కచేరీల్లోనూ ఉంటుంది. మొదట్లో పియానో ఒక కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) కొట్టి పట్టుకుని ఆగుతుంది. దాని మీద వయోలా ఒక్కతే, ఎవరినీ అనుమతి అడగనట్టు, గట్టిగా మొదలుపెడుతుంది. వాద్యాన్ని భుజం మీద మోసిన మనిషి రాసిందని ఆ నాలుగు పంక్తులకే తెలిసిపోతుంది.

అపోహ: సోలో అంటే ఒక్కరే కదా, మరి పియానో ఆవిడెవరు?

బాఖ్, హిండెమిత్ నిజంగానే ఒంటరివి. బాఖ్ సూట్ (నాట్య గతుల వరస) అసలు చెల్లోకి, అంటే కూర్చుని వాయించే పెద్ద తీగ వాద్యానికి, రాసింది. చెల్లో తీగలూ సి, జి, డి, ఎ నే, ఒక స్థాయి కింద. అందుకే వయోలా మీద వేళ్ళు వెతుక్కోకుండా కూర్చుంటుంది. క్లార్క్‌ది మాత్రం వయోలా, పియానోలకు కలిపి రాసిన సొనాటా. పియానో ఆవిడ నాకు తాళం వేయడానికి రాలేదు. సగం కచేరీ ఆమెది, కొన్ని పుటల్లో సగం కంటే ఎక్కువే.

వయోలాకీ పియానోకీ మధ్య ఉన్న అసలు పేచీ ఒకటుంది. వయోలా పలికే చోటు పియానో మధ్యభాగం, సరిగ్గా అక్కడే పియానో దట్టంగా ఉంటుంది. వయోలిన్ అయితే పైకి ఎగిరి తప్పించుకుంటుంది, చెల్లోకి బరువు ఉంది. మేము ఆ గుంపులో నలిగిపోతాం. కచేరీకి ముందురోజు మేమిద్దరం గంటంబావు చేసిన పని పాటలు వాయించడం కాదు, ఒక స్నేహితుణ్ణి ఆఖరి బల్ల మీద కూర్చోబెట్టి "నేను వినిపిస్తున్నానా?" అని అరవడం. పియానో మూత సగం దించి చూశాం. నేను వినిపించాను గానీ పియానో దుప్పటి కప్పుకుని దగ్గినట్టుంది. చివరికి మూత పూర్తిగా ఎత్తే ఉంచి, ఆమె ఎడమచెయ్యి తేలిక చేసింది, నేను రెండడుగులు ముందుకు జరిగి వయోలా ముఖం జనం వైపు తిరిగేలా నిలబడ్డాను. ఆ రెండడుగులు చేసిన మేలు రెండు నెలల సాధన చేయలేదు.

అపోహ: మధ్యలో తీగ పాడైంది, అయినా ఆపకుండా వాయించింది.

మా పెద్దమ్మ నన్ను వెనకేసుకొచ్చిన మాట ఇది. పెద్దమ్మా, తీగ బాగానే ఉంది. అది హిండెమిత్ ఓపస్ 25 నంబరు 1 సొనాటాలో నాలుగో భాగం. ఖాళీ సి తీగను సుత్తితో కొట్టినట్టు కొడుతూనే ఉండాలి. వేగం నిమిషానికి 600 నుంచి 640 దెబ్బలని రాశాడు. దాంతోపాటు "నాదసౌందర్యం ముఖ్యం కాదు" అని కూడా పుట మీదే రాసిపెట్టాడు. 1922 నాటి రచన. ఆయనే వయోలా విద్వాంసుడు. ఇందులో రెండు భాగాలు రైలు భోజనపు పెట్టెలో కూర్చుని రాసి, దిగి నేరుగా వేదికెక్కి వాయించానని చెప్పుకున్నాడు. వయోలా అంటే ఎప్పుడూ తేనెలా, దిగులుగా ఉండాలనుకునేవాళ్ళకు ఆ రెండు నిమిషాలు వినిపించాలని నాకు భలే సరదా.

అపోహ: కాగితం చూసి వాయిస్తే సాధన చేయనట్టు.

ఒంటరి రచనలు సాధారణంగా చూడకుండానే వాయిస్తాం, బాఖ్ అలాగే వాయించాను. పియానోతో కలిసినవి చూసి వాయించడమే ఇక్కడి పద్ధతి, అవతలి మనిషి ఏం చేస్తోందో కూడా కళ్ళ ముందు ఉండాలి కదా. నాది కాగితం కూడా కాదు, టాబ్లెట్. పుట తిప్పడానికి కాలి కింద బ్లూటూత్ పెడల్ ఉంటుంది. క్లార్క్ రెండో భాగంలో కాలు గట్టిగా తగిలి రెండు పుటలు ఒకేసారి తిరిగిపోయాయి. ఎనిమిది మాత్రలు జ్ఞాపకం మీదే వాయించి, వెనక్కి తిప్పుకున్నాను. వీడియోలో నా ముఖం చూస్తే తెలుస్తుంది, దయచేసి చూడకండి.

అపోహ: భాగాల మధ్య చప్పట్లు కొడితే అపచారం.

మొజార్ట్ కాలంలో వాయిస్తుండగానే కొట్టేవాళ్ళు, ఆయన సంతోషంగా ఇంటికి ఉత్తరం రాశాడు. మన సభల్లో "భేష్" అన్నట్టే. నిశ్శబ్దం తర్వాత వచ్చిన ఆచారం. నాకు అభ్యంతరం లేదు.

అపోహ: నొప్పి రాకపోతే సాధన చాల్లేదన్నమాట.

ఈ మాట నాకు ఒక టీచర్ చెప్పారు, నేను నమ్మాను. అప్పట్లో నా వయోలా 16½ అంగుళాలు. ఎడమ భుజం నొప్పిని ఏడాది భరించాక, ఆరు వారాలు వాద్యం ముట్టొద్దని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఆ తర్వాతే 16కి మారాను. మన కర్ణాటక పద్ధతిలో కింద కూర్చుంటే వాద్యం తల చీలమండ దగ్గర ఆనుతుంది, బరువు నేల మోస్తుంది, చెయ్యి జారడానికి ఖాళీగా ఉంటుంది. ఇక్కడ నిలబడి వాయించేటప్పుడు ఆ బరువు మెడ కింది జత్రుక ఎముక మీదా, దవడ కిందా పడుతుంది. అర అంగుళం తేడా కాగితం మీద ఏమీ అనిపించదు, రోజుకు నాలుగు గంటలు మోస్తే తెలుస్తుంది.

అపోహ: బాగా సాధన చేస్తే టెన్షన్ ఉండదు.

ఉంటుంది. వేళ్ళకు కాదు, కమాను పట్టిన కుడిచేతికి ముందు తెలుస్తుంది. నెమ్మదిగా లాగే పొడవాటి స్వరంలో కమాను వణుకుతుంది, ఆ వణుకు ఆఖరి వరసదాకా వినిపిస్తుంది. అందుకే బాఖ్ జి మేజర్ సూట్ మొదట పెట్టాను. దాని మొదటి భాగం ప్రెల్యూడ్‌లో కమాను ఆగకుండా తీగల మధ్య ఊగుతూనే ఉంటుంది, వణకడానికి దానికి తీరిక దొరకదు. రెండు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంటుంది. ఇంట్లో అయితే మూడంతస్తుల మెట్లు పరుగెత్తి ఎక్కి, గుండె దడదడలాడుతుండగానే మొదటి పుట వాయించి చూసుకుంటాను. కింది ఫ్లాటువాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో అడగలేదు.

అపోహ: పిల్లలకు వయోలా కుదరదు, పెద్దయ్యాక చూడొచ్చు.

వీడియో చూసి ఇద్దరు తల్లులు అడిగారు. చిన్న వయోలిన్‌కే వయోలా తీగలు బిగించి ఇస్తే పిల్లలు హాయిగా మొదలుపెట్టొచ్చు, చాలామంది టీచర్లు అలాగే చేస్తారు. పిల్ల ఎదుగుతున్నంతకాలం కొనకండి, అద్దెకు దొరికితే అద్దెకు తీసుకోండి. కొనే రోజు వస్తే కొలత టేపు కంటే ముందు సి తీగ వినండి. అదీ పిల్ల చెవి దగ్గర కాదు, షాపులో అవతలి గోడ దగ్గర నిలబడి. గడ్డం కింద గర్జించినది పదడుగుల అవతల గొణుగుతుంది, పక్కన గొణిగినది ఒక్కోసారి గదంతా నిండుతుంది. నాది రెండో రకం. షాపతను మూడోసారి "ఇది వద్దులెండి" అన్నాక కొన్నాను.