తెర మీద స్పెషలిస్టు, పల్లెలో రోగి: టెలిమెడిసిన్‌పై అపోహలు, వాస్తవాలు

దూరాన ఉన్న ఆరోగ్య కేంద్రాలకు వచ్చే రోగులను తెర మీద చూసే జనరల్ మెడిసిన్ వైద్యుడిగా నాకు ఈ పని గురించి రెండు మాటలు తరచూ వినబడుతుంటాయి. ఇక పెద్దాసుపత్రే పల్లెకు నడిచి వస్తుందన్నది ఒకటి. చేయి పట్టి చూడని వైద్యం అసలు వైద్యమే కాదన్నది రెండోది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. రెండు పక్షాలూ తెరకు ఇవతల కూర్చున్న స్పెషలిస్టునే చూస్తున్నాయి తప్ప, అవతల రోగి పక్కన నిలబడిన నర్సును, ఆమె చేతిలోని పరికరాన్ని, మాటలు ముగిశాక ఆ రోగికి మందు అందే దారిని చూడటం లేదు. నేను సరిదిద్దాలనుకుంటున్న అపోహలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుట్టాయి.

అపోహ: ఇది కోవిడ్ కాలంలో అవసరం కొద్దీ పుట్టిన ప్రయోగం.

ఈసీజీ యంత్రానికి రూపమిచ్చిన విల్లెమ్ ఐంతోవెన్ 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో, ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె సంకేతాలను టెలిఫోన్ తీగ మీదుగా దాదాపు కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నాడు. అమెరికాలోని నెబ్రాస్కాలో మానసిక వైద్యులు 1964 నాటికే 112 మైళ్ళ దూరంలోని ఆసుపత్రితో ఇరువైపులా కనిపించే టెలివిజన్ అనుసంధానం నడిపారు. అయితే నాకు వీటికన్నా ఎక్కువ నచ్చే ఉదాహరణ ఆస్ట్రేలియాది. అక్కడి మారుమూల ప్రాంతాల్లో 1929 నుంచి కాలితో తొక్కి కరెంటు పుట్టించే రేడియో ద్వారా, విమానంలో వచ్చి చూసే ఫ్లయింగ్ డాక్టర్‌ను సంప్రదించేవారు. ఆ తరువాతి కాలంలో ఆ ఇళ్ళకు మందుల పెట్టెలు కూడా ఇచ్చారు. పెట్టెలోని ప్రతి మందుకూ ఒక అంకె ఉండేది కనుక, వైద్యుడు రేడియోలో ఫలానా అంకె మందు వేయమంటే, ఆ మందు పేరు పలకడం రాని మనిషి కూడా సరైన సీసా తీసి ఇవ్వగలిగేవాడు. ఇవతలి సలహా అవతల చేతికందే వస్తువుగా మారాలన్న సంగతిని ఆ పెట్టెను రూపొందించినవారు ముందే గ్రహించారు. నేటి ప్రణాళికల్లో తెర ఎంత పెద్దదిగా ఉండాలో రాస్తున్నారు కానీ ఆ పెట్టె సంగతి చాలాసార్లు మరిచిపోతున్నారు.

అపోహ: వీడియో నిలకడగా రాని చోట టెలిమెడిసిన్ కుదరదు.

స్పెషలిస్టు వైద్యంలో పెద్ద భాగానికి ప్రత్యక్ష వీడియో అవసరమే లేదు. చర్మవ్యాధి ఫొటో, కంటి వెనక పొర అయిన రెటీనా చిత్రం, ఈసీజీ పట్టీ, ఎక్స్‌రే వంటివాటిని కేంద్రంలో తీసి, రోగి వివరాలతో కలిపి భద్రపరచి, సిగ్నల్ దొరికినప్పుడు పంపితే, స్పెషలిస్టు తన వీలు చూసుకుని చదివి జవాబు రాస్తాడు. అలాస్కాలోని మారుమూల గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు చెవిలోపలి చిత్రాలు తీసి దూరాన ఉన్న చెవి, ముక్కు, గొంతు నిపుణులకు పంపే పద్ధతి ఇలాగే నడుస్తూ వచ్చింది. రోజుల తరబడి ప్రయాణించి, చివరికి శస్త్రచికిత్స అక్కర్లేదన్న మాట విని తిరిగి వెళ్ళాల్సిన రోగికి ఈ పద్ధతి చేసే మేలు చిన్నది కాదు.

దీనికి కావలసింది వేగమైన ఇంటర్నెట్ కన్నా మంచి చిత్రం. మధుమేహ రోగి పాదం మీది పుండునే తీసుకుందాం. నాకు వచ్చే మొదటి ఫొటో సాధారణంగా పుండుకు బాగా దగ్గరగా తీసినదై, కొంచెం మసకగా, ఫ్లాష్ వెలుగుకు నడుమ తెల్లబారి ఉంటుంది. అది ఏ కాలో, ఏ వేలో కూడా తెలియదు. అందుకే మూడు ఫొటోలు అడుగుతాను. మొదటిది పాదం మొత్తం కనిపించేలా, రెండోది పుండు పక్కన చిన్న స్కేలు పెట్టి, మూడోది పుండు అంచులూ అడుగూ తేటగా కనబడేలా పక్కనుంచి. అన్నీ ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో, పుండును శుభ్రం చేశాక తీయాలి. ఆ ఫొటోలతో పాటు పాదం మీద నాడి చేతికి తగులుతోందా, చర్మం వేడిగా ఉందా, వాసన వస్తోందా అన్న మూడు ముక్కలు నర్సు రాసి పంపితే, అరగంట వీడియో కన్నా అదే నాకు ఎక్కువ చెబుతుంది.

అపోహ: మంచి పరికరాలుంటే ఎదుట కూర్చోబెట్టి చూసినట్టే.

పరికరాలు అమ్మేవారు ఎక్కువగా పెంచిన అపోహ ఇది కనుక, దీని దగ్గర కొంచెం ఆగాలి. డిజిటల్ స్టెతస్కోపు నిజంగా మంచి పరికరమే. కానీ గుండె చప్పుళ్ళలో చాలా భాగం తక్కువ పౌనఃపున్యంలో, సెకనుకు రెండు వందల కంపనాల లోపే ఉంటుంది. పాతకాలపు టెలిఫోన్ లైను మూడు వందలకు దిగువనున్న ధ్వనిని దాదాపుగా మోయదు. నేటి వీడియో కాల్ యాప్‌లతో వచ్చే చిక్కు వేరు. మాట స్పష్టంగా వినిపించడానికి అవి వెనకనున్న రొదను చెరిపేస్తాయి, వాటి లెక్కలో ఊపిరితిత్తుల గరగర కూడా రొదే. ఛాతీ తేటగా ఉందని ఇవతలి వైద్యుడు రాసుకుంటున్నప్పుడు, నిజానికి తేటపరిచింది సాఫ్ట్‌వేర్ కావచ్చు. ఆ రొద తొలగించే అమరికను ఆపివేయడమో, చప్పుడును విడి ఫైలుగా రికార్డు చేసి పంపడమో చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

రంగుల విషయమూ అంతే. పసుపు బల్బు కింద ఎవరి కళ్ళయినా కామెర్లు వచ్చినట్టే కనిపిస్తాయి, నీలివెలుగు లైటు కింద ఆరోగ్యవంతుడి కింది రెప్ప కూడా పాలిపోయినట్టుంటుంది. కెమెరా తనంతట తాను రంగులు సరిచేసుకుంటూ ఈ అయోమయాన్ని ఇంకా పెంచుతుంది. చల్లబడిన వేళ్ళ మీద, గోళ్ళ రంగు మీద ఆక్సీమీటర్ తప్పు అంకె చూపవచ్చు. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవారిలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపే అవకాశం ఉందని కూడా పరిశోధనలు తేల్చాయి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎత్తులో వస్తుంది. నేను తెర మీద చూసేది అంకెనే తప్ప పట్టీని కాదు, కాబట్టి ఏ పట్టీ వాడారని అడగడం నాకు అలవాటైపోయింది.

ఇక ఏ పరికరమూ తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. తీవ్రమైన కడుపునొప్పిలో పొట్ట బిగుసుకుందా లేదా అన్నది చేతితో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. రొమ్ములో గడ్డ, మెడలో వాచిన గ్రంథి, మగతగా పడివున్న పసిబిడ్డ వంటివాటిని తెర మీద తేల్చేయడం దుస్సాహసం. అలాంటప్పుడు నేరుగా చూడాల్సిందేనని తొందరగా చెప్పడమే సరైన టెలి-సలహా.

అపోహ: అత్యవసరంలో ఇది పనికిరాదు.

దీర్ఘకాలిక జబ్బులకు మాత్రమే ఇది తగినదని కొందరు వైద్యులే అంటారు. కానీ టెలిమెడిసిన్ బలమైన ఆధారాలు సంపాదించుకున్న రంగాల్లో పక్షవాతం ఒకటి. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి నరాల నిపుణుడు కావాలి, ఆ నిపుణుడు సాధారణంగా రెండు మూడు గంటల దూరంలోని నగరంలో ఉంటాడు. వీడియో ద్వారా అతడు రోగిని చూస్తూ పరీక్ష నడిపిస్తాడు. అవతల నర్సు రోగి చేతిని లేపి పట్టుకుని వదిలితే, అది పది సెకన్లపాటు నిలుస్తోందా, వాలిపోతోందా అన్నది అతడు గమనిస్తాడు. కాలికైతే అయిదు సెకన్లు. మూతి వంకర, మాట తడబాటు తెర మీదే తెలుస్తాయి. స్పర్శ మాత్రం అవతలి మనిషే గుచ్చి చూడాలి.

అయితే ఆ ఇంజెక్షన్ ఇచ్చే ముందు, వచ్చింది గడ్డ వల్లనా, రక్తస్రావం వల్లనా అన్నది సీటీ స్కాన్‌తో తేలాలి. రక్తస్రావమైతే అదే మందు ప్రాణం తీస్తుంది. కనుక సీటీ యంత్రం లేని చోట ఎంత గొప్ప నిపుణుడు తెర మీదికి వచ్చినా ఆ ఇంజెక్షన్ సాధ్యం కాదు. అక్కడ టెలిమెడిసిన్ చేయగలిగిన మేలల్లా, రోగిని తప్పు ఆసుపత్రికి కాక సీటీ ఉన్న ఆసుపత్రికే, ముందే సమాచారమిచ్చి, పంపడం. గుండెపోటు విషయంలో పరిస్థితి కొంత నయం. ఈసీజీ తీయడం చిన్న కేంద్రంలోనూ సాధ్యమే, దాన్ని నిమిషాల్లో కార్డియాలజిస్టుకు పంపవచ్చు. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రికి రెండు గంటల్లోపు చేరే వీలు లేకపోతే, తగిన రోగులకు గడ్డ కరిగించే మందును అక్కడే మొదలుపెట్టించి తరువాత తరలించవచ్చు. కార్డియాలజిస్టు సలహా ఎంత త్వరగా అందినా, ఆ మందు కేంద్రం ఫ్రిజ్‌లోనో అలమరాలోనో లేకపోతే రోగికి ఒరిగేదేమీ లేదు.

అపోహ: స్పెషలిస్టు తెర మీద దొరికితే, పల్లెలో వైద్యుడూ నర్సూ ఉండక్కర్లేదు.

ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా తప్పించుకోవడానికి ఈ వాదన బాగా అక్కరకొస్తుంది. జరిగేది దీనికి నేరుగా వ్యతిరేకం. అవతల పరీక్ష చేసే చేతులు ఎంత నేర్పు కలవైతే ఇవతలి సలహా అంత పదునుగా ఉంటుంది.

ఈ విషయాన్ని అందరికన్నా బాగా నిరూపించింది ప్రాజెక్ట్ ఎకో. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో హెపటైటిస్ సి అనే వైరస్ కాలేయ జబ్బు ఉన్న రోగులు కాలేయ నిపుణుడిని చూడటానికి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చిన రోజుల్లో, అక్కడి విశ్వవిద్యాలయంలోని డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన రోగులను తెర మీదికి పిలవలేదు, గ్రామీణ క్లినిక్కుల్లోని వైద్యులను పిలిచారు. వారం వారం అందరూ వీడియోలో కలుసుకుని, పేర్లు చెప్పకుండా తమ రోగుల కేసులను ముందుంచేవారు. నిపుణులు ప్రశ్నలడిగి, దారి చూపేవారు. చికిత్స మాత్రం ఆ స్థానిక వైద్యుడి చేతుల మీదుగానే సాగేది. 2011లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాల్లో, వైరస్ పూర్తిగా తొలగినవారు విశ్వవిద్యాలయ క్లినిక్కులో 57.5 శాతం ఉండగా, ఈ గ్రామీణ క్లినిక్కులూ జైళ్ళలో 58.2 శాతం ఉన్నారు. రెండు అంకెల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, అసలు విశేషం అదే. పైగా ఒక వైద్యుడు ఒక జబ్బును అలా పది కేసుల్లో నేర్చుకున్నాక, పదకొండో రోగికి ఫోను చేయాల్సిన అవసరమే తగ్గిపోతుంది. నా దృష్టిలో టెలిమెడిసిన్‌కు పెట్టే ప్రతి రూపాయిలో సగమైనా ఇలాంటి శిక్షణకే పోవాలి, కానీ బడ్జెట్లలో అది చివరి వరుసలో ఉంటుంది.

అపోహ: మనసులోని మాటను ఎవరూ తెరకు చెప్పుకోరు.

చెప్పుకుంటారు. మానసిక వైద్యం తొలినాళ్ళ నుంచీ టెలిమెడిసిన్‌లో బాగా కుదురుకున్న శాఖ, చాలా సమస్యల్లో నేరుగా చూసినదానితో సమానమైన ఫలితాలనే ఇచ్చింది. అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊరిలో, ఊరికి సంబంధంలేని వైద్యుడితో మాట్లాడటమే నయమనిపించేవారూ ఉంటారు. అడ్డంకి ఎక్కువగా గది వల్ల వస్తుంది. తలుపు వేయని గదిలో, స్పీకర్ పెద్దగా పెట్టి, భర్తో అత్తగారో పక్కనే కూర్చున్నప్పుడు ఏ స్త్రీ అయినా ఏం చెబుతుంది? అందుకే నేను మొదట కెమెరాను గది చుట్టూ ఒకసారి తిప్పించి, ఎవరెవరున్నారో తెలుసుకుని, హెడ్‌ఫోన్ పెట్టించి, అప్పటికీ ఏకాంతం దొరకకపోతే అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్నలే అడుగుతాను. వృద్ధులకు ఇవన్నీ వాడటం రాదనే అభ్యంతరం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. కేంద్రంలో నర్సు పక్కన ఉంటే వారు నొక్కాల్సిన మీటలేవీ ఉండవు.

అపోహ: మందుల చీటీ పంపితే పని అయిపోయినట్టే, పైగా ఖర్చూ మిగులుతుంది.

ఖర్చు ముందుగా మిగిలేది రోగికి. బస్సు చార్జీలు, పోయే కూలి, తోడు వచ్చే మనిషి రోజు, ఇవన్నీ తప్పుతాయి. వ్యవస్థకు మాత్రం మొదట్లో ఖర్చు పెరగడమే సహజం, ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోకుండా ఉండిపోయిన జబ్బులు ఇప్పుడు బయటపడతాయి గనుక. రెటీనా పరీక్ష మొదలుపెట్టిన చోట లేజర్ చికిత్స అవసరమైనవారి జాబితా పెరుగుతుంది. ఆ చికిత్స ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేస్తారో ముందే కుదుర్చుకోకుండా పరీక్షలు చేయడం, చూపు పోతుందని చెప్పి వదిలేయడమే అవుతుంది.

ఒక కేంద్రం ఎలా పనిచేస్తోందని ఎవరైనా అడిగితే, నెలకు ఎన్ని కాల్స్ అన్న అంకె చూపిస్తారు. నేను వేరే అంకెలు అడుగుతాను: రాసిన మందు అదే వారంలో ఎందరికి దొరికింది, చేయించమన్న పరీక్షల ఫలితాలు ఎన్ని తిరిగి నా దగ్గరికి వచ్చాయి, పెద్దాసుపత్రికి పంపినవారిలో ఎందరు నిజంగా అక్కడికి చేరారు, రెండోసారి రమ్మన్నవారిలో రానివారికి ఎవరు ఫోను చేశారు. వీటికి జవాబు ఉండాలంటే ఆ పని ఒక మనిషికి అప్పగించి, జీతం ఇచ్చి, ఆమె సెలవు పెట్టిన రోజుకు మరొకరికి కూడా తర్ఫీదు ఇచ్చి ఉండాలి. బ్యాటరీ మార్పిడి, ఆక్సీమీటర్ క్లిప్పుల కొనుగోలు, బీపీ యంత్రాల వార్షిక తనిఖీ వంటి ఖర్చులు కూడా ఆ పద్దులోనే, పరికరాలు కొన్న మొదటి సంవత్సరం నుంచే కనబడాలి.